ఎగరాలని ఉంది, చేతిలో డబ్బు లేదు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను విమానాల మెయింటెనెన్స్ ఇంజినీర్‌ని. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో చిన్న ఊరు, నాన్న ఆర్టీసీలో డ్రైవరు. ఇంటర్‌లో ఉన్నప్పుడు పైలట్ అవ్వాలనే పట్టుదలతో ఉండేవాణ్ణి. మాకున్నది రెండెకరాల పొలం. అది అమ్మేద్దామని నాన్న ఒప్పుకున్నారు కూడా. చివరికి అమ్మలేదు. ఊరికెళ్లినా, పెళ్లిళ్లకెళ్లినా పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. ఫీజులు, నిబంధనలు మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టేముందు పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి.

పైలట్ అవ్వడానికి నిజంగా ఎంత ఖర్చవుతుంది?

విమానం నడిపి జీతం తీసుకోవాలంటే కమర్షియల్ పైలట్ లైసెన్స్, అంటే సీపీఎల్ ఉండాలి. దానికి 18 ఏళ్లు నిండాలి, 200 గంటలు ఎగరాలి, డీజీసీఏ పేపర్లు పాసవ్వాలి, క్లాస్ 1 మెడికల్, అంటే కఠినమైన ఆరోగ్య పరీక్ష పాసైన సర్టిఫికెట్ ఉండాలి. ఖర్చంతా ఆ 200 గంటల దగ్గరే. మన దేశంలో చేస్తే ఇంచుమించు అరకోటి అనుకోండి. హాస్టలు, తిండి, మళ్లీ రాసే పరీక్షలు, ఆలస్యాలు కలిస్తే ఇంకా పైకి పోతుంది.

చాలామంది ఇక్కడితో లెక్క ఆపేస్తారు. కానీ సీపీఎల్ వచ్చినంత మాత్రాన ఎయిర్‌బస్ ఎక్కించరు. ఆ రకం విమానానికి విడిగా టైప్ రేటింగ్ అనే శిక్షణ చేయాలి. చాలా సందర్భాల్లో అది కూడా మన ఖర్చే, మరో 15 లక్షల పైమాటే. ఎయిర్‌లైన్ల క్యాడెట్ ప్రోగ్రాముల్లో శిక్షణ, టైప్ రేటింగ్ కలిపి ఒక దారిలో నడిపిస్తారు. ఉద్యోగం మీద కొంత భరోసా ఉంటుంది గానీ ఖర్చు కోటి రూపాయల దగ్గర్లో ఉంటుంది.

ఎడ్యుకేషన్ లోన్ తీసుకుంటే సరిపోదా?

లోన్ వస్తుంది. అయితే ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా ఇల్లో పొలమో తనఖా అడుగుతాయి. 50 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుందాం. నెలకు ఈఎంఐ 69 వేల దాకా వస్తుంది. అదీ చదువయ్యాక మొదలయ్యే లెక్క. శిక్షణకూ ఉద్యోగం వెతుక్కోవడానికీ కలిపి రెండున్నరేళ్లు పట్టి, అన్నాళ్లూ వడ్డీ కట్టకపోతే, పూర్తి మొత్తం మీద ఆ వడ్డీయే 13 లక్షలు దాటి అసలులో కలుస్తుంది.

ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా చేరినవాళ్లు ఈ ఈఎంఐ కట్టుకోగలరు. కష్టమంతా సీపీఎల్ చేతికొచ్చిన రోజుకూ ఉద్యోగం వచ్చిన రోజుకూ మధ్య ఉంటుంది. అది ఆరు నెలలు కావచ్చు, మూడేళ్లూ కావచ్చు. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ ఆగిపోయాయి. ఆగిపోయిన ప్రతిసారీ వేల గంటల అనుభవమున్న పైలట్లు బయటికొచ్చి, 200 గంటల కుర్రాళ్ల పక్కనే ఉద్యోగాల కోసం నిలబడ్డారు. మీ ఇంట్లో రెండేళ్లు ఆ ఈఎంఐ కట్టగల జీతం ఇంకొకటి ఉందా? ఉంటే లోన్ గురించి ఆలోచించండి. లేకపోతే ఉన్న ఒక్క ఇంటినీ తనఖా పెట్టొద్దని చేతులు జోడించి చెబుతాను.

సరే, పొలం అమ్మడానికే సిద్ధపడ్డాం. ముందుగా ఏం చేయాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి. ఖర్చు పెట్టే వరస ముఖ్యం. చవకగా తేలిపోయేవి ముందు తేల్చుకోవాలి, లక్షలు పోసేవి చివర్లో చేయాలి. మనవాళ్లలో చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ముందు అడ్వాన్స్ కట్టేసి, తర్వాత మెడికల్‌కి వెళ్తారు.

మొదటిది మెడికల్. డీజీసీఏ గుర్తించిన డాక్టర్ల దగ్గర క్లాస్ 2 చేయించుకోండి. కొన్ని వేలతో అయిపోతుంది. తర్వాత క్లాస్ 1కి వెళ్లండి. కళ్లు, చెవులు, గుండె, రక్తపరీక్షలు, రంగులు గుర్తించే శక్తి, అన్నీ చూస్తారు. నాతో చదివిన ఒకతను నాలుగు లక్షలు కట్టాక మెడికల్‌కి వెళ్లాడు. చుక్కల బొమ్మల్లో అంకెలు చదవమంటే చదవలేకపోయాడు. ఎరుపు, ఆకుపచ్చ రంగులు తనకి సరిగా తేడా తెలియవన్న సంగతి ఆ రోజుదాకా అతనికే తెలియదు. కట్టిన డబ్బు వెనక్కి రాలేదు.

రెండోది పరీక్షలు. ఎయిర్ నావిగేషన్, మీటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్, టెక్నికల్ స్పెసిఫిక్. ప్రతిదాంట్లో 70 శాతం రావాలి. వీటితోపాటు రేడియో పరీక్ష ఆర్‌టీఆర్ ఉంటుంది. డీజీసీఏ దగ్గర కంప్యూటర్ నంబర్ (పరీక్షలు రాయడానికి ఇచ్చే నంబర్) తీసుకుని, పుస్తకాలు కొనుక్కుని, ఇంట్లో కూర్చుని చదివి రాయొచ్చు. కోచింగ్‌కి వెళ్లినా ఖర్చు 200 గంటల ముందు ఏపాటిది? పాసైన పేపర్లకు గడువు ఉంటుంది కాబట్టి అదొక్కటి లెక్కలో పెట్టుకోండి. ఈ పేపర్లు చదవడం విసుగ్గా అనిపిస్తే అది కూడా మీ గురించి మీకు తెలిసిన విషయమే. పైలట్ ఉద్యోగంలో చదువు రిటైరయ్యేదాకా ఉంటుంది, ఆరు నెలలకోసారి సిమ్యులేటర్ పరీక్ష ఉంటుంది.

మూడోది, రెండు మూడు గంటలు డబ్బు కట్టి ఎగిరి చూడటం. చిన్న విమానంలో మధ్యాహ్నపు ఎండకు లేచే కుదుపులు తట్టుకోగలరా, తల తిరుగుతోందా, భయం పోతోందా పెరుగుతోందా, అక్కడ తెలిసిపోతుంది.

ఈ మూడూ అయ్యాక కూడా మనసు అక్కడే ఉంటే, అప్పుడు పొలం గురించి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. కోచింగ్ ఫీజు పక్కన పెడితే, ఇక్కడిదాకా అయిన ఖర్చు దాదాపు లక్షన్నర దాటదు.

కళ్లజోడు ఉంటే పైలట్ అవ్వలేమా?

అవ్వొచ్చు. అద్దాలతో చూపు సరిపడా వస్తే సివిల్ మెడికల్‌లో ఇబ్బంది లేదు. ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ బ్రాంచ్‌లో నియమాలు ఇంకా కఠినం. చీరాలలో పుట్టి అమెరికాలో పెరిగిన బండ్ల శిరీష చూపు సరిగా లేక నాసా ఆస్ట్రోనాట్ అయ్యే దారి మూసుకుపోతే, పర్డ్యూలో ఏరోస్పేస్ ఇంజినీరింగ్ చదివి, 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో అంతరిక్షం అంచుదాకా వెళ్లొచ్చింది.

ఇంటర్‌లో బైపీసీ చదివాను. ఎంఈసీ చదివాను. దారి ఉందా?

సీపీఎల్‌కి ఇంటర్ స్థాయిలో మ్యాథ్స్, ఫిజిక్స్ రెండూ ఉండాలి. బైపీసీ వాళ్లకు మ్యాథ్స్ లేదు, ఎంఈసీ వాళ్లకు ఫిజిక్స్ లేదు. ఆ ఒక్క సబ్జెక్టునీ ఎన్‌ఐఓఎస్ ఓపెన్ స్కూల్‌లో రాసి పాసైతే చాలు. దీనికోసం మళ్లీ రెండేళ్ల ఇంటర్ చదవక్కర్లేదు.

తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లిష్ అడ్డమవుతుందా?

అడ్డమే, కానీ దాటగలిగేది. రేడియోలో వాడే ఇంగ్లిష్ చాలా చిన్నది, కొన్ని వందల మాటలు, ఎప్పుడూ ఒకే వరసలో ఉంటాయి. నేనూ తెలుగు మీడియమే. మాన్యువల్స్ చదవడానికి మొదటి ఏడాది డిక్షనరీ పక్కన పెట్టుకునేవాణ్ణి, రెండో ఏడాదికి దాని అవసరం పోయింది. మాట్లాడటం దగ్గర ఎక్కువ టైం పట్టింది. పొద్దున్నే గట్టిగా చదవడం అలవాటు చేసుకోండి, మౌనంగా చదివితే నోరు తిరగదు.

రూపాయి ఖర్చు లేకుండా పైలట్ అయ్యే దారే లేదా?

ఉంది. భారత వైమానిక దళం. పల్లెటూళ్లలో మన పిల్లలకు ఈ దారి గురించి చెప్పేవాళ్లు తక్కువని నాకు బాధగా ఉంటుంది.

ఇంటర్ ఎంపీసీ చదువుతూనే ఎన్‌డీఏ, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశ పరీక్ష రాయొచ్చు. వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర లోపు ఉండాలి. ఇప్పుడు అమ్మాయిలూ రాస్తున్నారు. డిగ్రీ లేదా ఇంజినీరింగ్ అయ్యాక ఏఎఫ్‌క్యాట్ అనే ఎయిర్‌ఫోర్స్ ప్రవేశ పరీక్ష ఉంది. ఫ్లయింగ్ బ్రాంచ్‌కి 20 నుంచి 24 ఏళ్లు, ఇంటర్‌లో మ్యాథ్స్ ఫిజిక్స్, డిగ్రీలో 60 శాతం. ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. పరీక్ష ఫీజు వందల్లోనే ఉంటుంది. అక్కడి నుంచి ఖర్చంతా ప్రభుత్వానిదే. శిక్షణ చివరి ఏడాది నెలకు 56,100 రూపాయల స్టైపెండ్ కూడా ఇస్తారు. ఆ శిక్షణ జరిగే ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఎక్కడో లేదు, హైదరాబాద్ శివార్లలో దుండిగల్‌లోనే ఉంది. మేడ్చల్ వైపు వెళ్తుంటే తలపైన తిరిగే చిన్న విమానాల్లో ఉండేది ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లలే.

కష్టం ఎక్కడంటే సెలక్షన్‌లో. రాతపరీక్ష అయ్యాక అయిదు రోజుల ఇంటర్వ్యూ ఉంటుంది. ఫ్లయింగ్‌కి సీపీఎస్‌ఎస్ అనే కంప్యూటర్ పరీక్ష అదనం. దానికి జీవితంలో ఒక్కసారే అవకాశం. అందులో పోతే మళ్లీ రాయనివ్వరు. కాబట్టి చూసొద్దాంలే అని వెళ్లకండి. నిద్ర చాలకుండా, రాత్రంతా రైల్లో కూర్చుని నేరుగా వెళ్లకండి. ఒకరోజు ముందే చేరుకోండి.

ఇంకో మాట. ఇది యూనిఫాం ఉద్యోగం. దేశం ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లాలి, యుద్ధం వస్తే ముందుండాలి. ఖర్చు కలిసొస్తుందన్న ఒక్క కారణంతో వెళ్తే అక్కడ నిలవడం కష్టం. ఆ జీవితం ఇష్టమైతే మాత్రం ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు.

ఇంట్లో అయిదో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లలుంటే విజయనగరం దగ్గరి కోరుకొండ, రాయలసీమలో కలికిరి సైనిక్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష గురించి ఇప్పుడే తెలుసుకోండి.

డిగ్రీ కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉంది. చేరితే లాభమేనా?

చేరండి, రేపే చేరండి. మైక్రోలైట్ విమానంలో ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని డబ్బు కట్టకుండా ఎగిరే అవకాశం మామూలు కుటుంబాల పిల్లలకు ఇంకెక్కడా దొరకదు. ఎయిర్ వింగ్ సీ సర్టిఫికెట్ ఉంటే ఏఎఫ్‌క్యాట్ రాతపరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూకి పిలిచే ప్రత్యేక ఎంట్రీ ఉంది.

మీరు ఎంచుకున్న ఏఎంఈ దారి ఎలాంటిది?

ఏఎంఈ అంటే ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరింగ్. ఇంటర్ ఎంపీసీ తర్వాత డీజీసీఏ గుర్తించిన కాలేజీలో రెండేళ్లు చదువు, ఆ తర్వాత రెండేళ్లు నిజం విమానాల మీద పని. మధ్యలో డీజీసీఏ మాడ్యూల్ పరీక్షలు ఒక్కొక్కటే రాయాలి. ప్రతిదాంట్లో 75 శాతం రావాలి. ఇంజిన్లు, బాడీ వైపు వెళ్తే బీ1, రేడియో, ఎలక్ట్రానిక్స్ వైపు వెళ్తే బీ2 లైసెన్స్. ఖర్చు పైలట్ శిక్షణలో పదోవంతు, కాస్త అటూ ఇటూగా.

అడ్మిషన్ కోసం ఫోన్ చేసేవాళ్లు చెప్పని విషయం ఒకటుంది. కోర్సు పూర్తి చేయడం వేరు, లైసెన్స్ రావడం వేరు. మాడ్యూళ్లు మిగిల్చుకుని కోర్సు మాత్రం పూర్తిచేసినవాళ్లు టెక్నీషియన్లుగానో, హెల్పర్లుగానో ఉండిపోతారు. నా మొదటి స్టైపెండ్ నెలకు 12 వేలు. శంషాబాద్ దగ్గర నలుగురం ఒక గదిలో ఉండేవాళ్లం. లైసెన్స్ చేతికి రావడానికి కోర్సులో చేరిన దగ్గర్నుంచి ఆరేళ్లు పట్టింది. ఆ తర్వాత జీతం బాగుంటుంది, ఇల్లు గడుస్తుంది, చెల్లెలి పెళ్లి చేశాం.

పని ఎలా ఉంటుందంటే, రాత్రి పదకొండున్నరకు చివరి ఫ్లైట్ వచ్చి ఆగుతుంది. బ్రేకులు ఇంకా వేడిగా ఉంటాయి, దగ్గరికెళ్తే ముఖానికి సెగ కొడుతుంది. టార్చ్ పట్టుకుని చుట్టూ తిరుగుతాం. టైర్ మీద గాడులు ఎంత అరిగాయి, బ్రేక్ పిన్ ఎంత బయటికుంది, ఇంజిన్ ఫ్యాన్ బ్లేడ్ల అంచుల మీద చిన్న నొక్కులైనా ఉన్నాయా. ఇంజిన్ ఆపేశాక కూడా గాలికి ఆ బ్లేడ్లు మెల్లగా తిరుగుతూ టకటకమంటుంటాయి. అన్నీ చూశాక, పొద్దున్నే ఆ విమానం ఎగరొచ్చని నేను సంతకం పెడతాను. ఆ సంతకం లేకుండా ఏ కెప్టెన్ అయినా కదలడానికి లేదు. మొదటిసారి పెట్టిన రోజు టెన్షన్‌తో ఇంటికెళ్లాక నిద్ర పట్టలేదు. ఆ విమానం దిగినట్టు ఫోన్‌లో చూసుకున్నాకే పడుకున్నాను.

ఏరోనాటికల్ బీటెక్ చేస్తే పైలట్ అవుతామా?

అవ్వరు. ఏఎంఈ లైసెన్స్ కూడా రాదు. అది విమానాలు డిజైన్ చేసే చదువు. మూడూ వేర్వేరు. ఏదైనా బీటెక్ చేసి ఏఎఫ్‌క్యాట్‌కో, ఏటీసీకో (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, విమానాల రాకపోకలు నడిపించే ఉద్యోగం) వెళ్లొచ్చు.

ఏటీసీ ఉద్యోగం గురించి చెప్పండి.

డబ్బు లేని ఇంట్లో చదువుకునే పిల్లలు ఉంటే నేను మొదట చెప్పేది ఇదే. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా జూనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టులకు నోటిఫికేషన్ ఇస్తుంది. మ్యాథ్స్ ఫిజిక్స్‌తో బీఎస్సీ చేసినవాళ్లు, లేదా ఏదో ఒక సెమిస్టర్‌లో ఈ రెండూ చదివిన ఇంజినీరింగ్ వాళ్లు రాయొచ్చు. వయసు 27 దాటకూడదు, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు ఉంది. 120 ప్రశ్నలు, రెండు గంటలు, నెగటివ్ మార్కులు లేవు. సగం మ్యాథ్స్, ఫిజిక్స్. తర్వాత వాయిస్ టెస్ట్, మెడికల్ ఉంటాయి. మూల వేతనం 40 వేల దగ్గర మొదలవుతుంది, అన్నీ కలిపి ఏడాదికి 13 లక్షల వరకు అని సంస్థే నోటిఫికేషన్లలో రాస్తూ వచ్చింది. శిక్షణ ఇచ్చే కేంద్రాల్లో ఒకటి మన బేగంపేటలో ఉంది. ఎంసెట్‌కి చదివిన పిల్లలకు ఈ సిలబస్ కొత్తేమీ కాదు, గ్రూప్స్‌కి ఏళ్ల తరబడి చదివేవాళ్లలో సైన్స్ వాళ్లు దీన్ని ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు.

ఏవియేషన్ డిప్లొమా చేస్తే ఎయిర్‌పోర్ట్‌లో ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. నమ్మొచ్చా?

గ్యారంటీ అన్న మాట వినగానే లేచి వచ్చేయండి. క్యాబిన్ క్రూకి, గ్రౌండ్ స్టాఫ్‌కి ఎయిర్‌లైన్లు ఇంటర్ పాసైనవాళ్లను నేరుగా ఇంటర్వ్యూ చేసి తీసుకుంటాయి, శిక్షణ తామే ఇస్తాయి. ప్రకటనలు వాళ్ల వెబ్‌సైట్లలోనే ఉంటాయి. ఉద్యోగం ఇస్తామని డబ్బు అడిగేది ఎయిర్‌లైన్ కాదు. మా బాబాయి కూతురు ఒకచోట లక్షా ఎనభై వేలు కట్టింది. చివరికి ఉద్యోగం మామూలు వాకిన్ ఇంటర్వ్యూలో, ఆ సర్టిఫికెట్ ఎవరూ అడగకుండానే వచ్చింది.

డ్రోన్ పైలట్ కూడా పైలటేనా?

వేరే వృత్తి, మంచి వృత్తి. 18 ఏళ్లు నిండి పదో తరగతి పాసైతే చాలు. డీజీసీఏ గుర్తింపున్న కేంద్రంలో వారం లోపు శిక్షణ, ఖర్చు వేలల్లో. గుంటూరు లాంలోని ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కూడా ఈ శిక్షణ ఇస్తోంది. మిరప, వరి పొలాల్లో మందు కొట్టే పని సీజన్‌లో బాగానే దొరుకుతుంది. కానీ డ్రోన్ నడిపిన గంటలు సీపీఎల్ లెక్కలోకి రావు.

ఫ్లయింగ్ స్కూల్‌ని ఎలా ఎంచుకోవాలి?

బ్రోషర్ పక్కన పెట్టి రెండు రోజులు ఆ ఊళ్లో ఉండండి. పొద్దున ఆరు నుంచి ఎన్ని విమానాలు లేస్తున్నాయో లెక్కపెట్టండి. ఎన్ని విమానాలు ఉన్నాయని కాదు, ఈ రోజు ఎన్ని ఎగురుతున్నాయని అడగండి. టీ కొట్టు దగ్గర విద్యార్థుల్ని పలకరించి, పోయిన నెల ఎన్ని గంటలు దొరికాయో వాళ్ల లాగ్‌బుక్‌లో చూపించమనండి. నెలకు పదిహేను గంటలు దొరికేవాడికి 200 గంటలకు ఏడాది పైన పడుతుంది, అయిదు గంటలు దొరికేవాడికి మూడేళ్లు దాటుతుంది. ఆ తేడా అంతా హాస్టల్ అద్దె, వడ్డీ రూపంలో మనమే కడతాం. ఉత్తరాదిలో చలికాలం పొగమంచు, అన్నిచోట్లా వానాకాలం, ఇవీ లెక్కలో వేసుకోవాలి. 2025 నుంచి డీజీసీఏ స్కూళ్లకు ర్యాంకింగులు ఇస్తోంది, అవీ చూడండి.

మొత్తం ఫీజు ఒకేసారి ఎప్పుడూ కట్టకండి. ఎగిరిన గంటలను బట్టి వాయిదాల్లో కడతామని రాతపూర్వకంగా ఒప్పించండి. నా గదిలో ఉన్న ఒకబ్బాయి డిస్కౌంట్ ఇస్తామంటే అంతా కట్టేశాడు. తర్వాత ఎనిమిది నెలలు ఉన్న విమానాలు మూలన పడితే, రోజూ యూనిఫాం వేసుకుని వెళ్లి బెంచీ మీద కూర్చుని వచ్చేవాడు.

ప్రభుత్వ సంస్థల్లో ఉత్తరప్రదేశ్ ఫుర్సత్‌గంజ్‌లోని ఇగ్రువా అనే ఫ్లయింగ్ స్కూల్‌కి ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఫీజు అక్కడా తక్కువేం కాదు.

మా అమ్మాయి పైలట్ అవుతానంటోంది. ఆడపిల్లకి కుదురుతుందా అండీ?

కుదురుతుందండీ. పైలట్లలో మహిళల వాటా ఎక్కువగా ఉన్న దేశాల్లో మనది ముందుంటుంది. అబ్బాయికి చెప్పే జాగ్రత్తలే అమ్మాయికీ. పెళ్లికి దాచిన డబ్బు ఇందులో పెట్టాలా అని ఒక తండ్రి నన్నడిగారు. ముందు మెడికల్ చేయించండి, పేపర్లు రాయించండి, తర్వాత అమ్మాయినే అడగండి అన్నాను.

అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాను. అక్కడ నేర్చుకోవచ్చా?

సరదాకి నడుపుకునే ప్రైవేట్ లైసెన్స్‌కి అంతకంటే అనువైన చోటు లేదు. చిన్న ఎయిర్‌పోర్టుల్లో క్లబ్బులు ఉంటాయి, గంటల చొప్పున కట్టొచ్చు. ఆ దేశ పౌరులు కానివాళ్లు ముందు అక్కడి రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ అనుమతి తీసుకోవాలి. అక్కడ ఎగిరి జీతం తీసుకోవాలంటే వీసా వేరే సంగతి. ఇండియాకి వచ్చి నడపాలంటే డీజీసీఏ పేపర్లు రాసి లైసెన్స్ మార్పించుకోవాలి.

ఇంతకీ మీరు ఎగిరారా?

ఎగిరాను. 32వ ఏట మొదలుపెట్టాను. ఉద్యోగం కోసం కాదు, ప్రైవేట్ లైసెన్స్ కోసం. దానికి 40 గంటలు చాలు, క్లాస్ 2 మెడికల్ చాలు. ప్రతి నెలా జీతంలో కొంత పక్కన పెట్టి, మూడు నెలలకోసారి సెలవు పెట్టి వెళ్తాను.

మొదటి రోజు రెక్క కింద వంగి, చిన్న గాజు గొట్టంలోకి పెట్రోలు పట్టి వెలుగుకెత్తి చూడమన్నారు మా ఇన్‌స్ట్రక్టర్. చిన్న విమానాల పెట్రోలు లేత నీలం రంగులో ఉంటుంది. నీళ్లు కలిస్తే అడుగున రంగు లేని బుడగలా నిలుస్తాయి. రాత్రంతా పెద్ద విమానాల కింద ఇలాంటివి చూసే మనిషినే అయినా, ఆ రోజు చెయ్యి కాస్త వణికింది. సెస్నా 152లో ఇద్దరికే చోటు, భుజాలు రాసుకుంటాయి. చక్రాలు నేల వదిలాక ఎడమ వైపు కింద చెరువు, దాని పక్కన వరిపొలాల గట్లు కనిపించాయి. మా రెండెకరాలు పైనుంచి చూస్తే ఎంతుంటాయో అప్పుడు తెలిసింది.

ఇప్పటికి 14 గంటలయ్యాయి. వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాను.